నీళ్లలోకి దిగేముందు

(బాప్తిస్మానికి సిద్ధపడుతున్నవారి కోసం ఒంగోలు ప్రాంతంలోని ఒక సంఘంలో బుధవారం సాయంత్రం జరిగిన కూటంలో పాస్టరుగారు చేసిన ప్రసంగం)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఆదివారం బాప్తిస్మం తీసుకోబోతున్న పదిహేడు మందీ ముందు వరుసల్లో కూర్చున్నారు. వాళ్ల అమ్మానాన్నలు, అత్తమామలు వెనకాల ఉన్నారు. ఫ్యాను గాలి తగలనివాళ్లు కాస్త ఇటు జరగండమ్మా, ఇవాళ కొంచెంసేపు పడుతుంది.

ఆరు వారాలుగా బాప్తిస్మ తరగతుల్లో వాక్యాలు చదివారు, కంఠతా పట్టారు. ఏ వచనం ఎక్కడుందని అడిగితే నాకంటే ముందు మీరే చెబుతున్నారు. సంతోషం. అందుకే అవన్నీ మళ్లీ అప్పజెప్పను. ఇవాళ ఒక్క ప్రశ్న దగ్గర కూర్చుందాం. ఆ నీళ్లలోకి ఎందుకు దిగుతున్నాం? దిగితే ఏమొస్తుందని?

ఈ ప్రశ్న మన నేల మీద ఒకప్పుడు చాలా గట్టిగా అడిగారు. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మన గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి వచ్చి మన జిల్లాలోనే సముద్రంలో కలుస్తుంది. ఒంగోలుకు ఉత్తరంగా పది మైళ్ల దూరంలో ఆ ఏటి ఒడ్డున వెల్లంపల్లి ఉంది. 1878 జులై 3న ఆ ఏట్లో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ముందు రోజు 614 మందికి, తర్వాతి రోజు 700 మందికి. మూడు రోజులకు కలిపి 3,536. మన సంఘాల్లో ఈ 2,222 అనే అంకె తెలియనివాళ్లు ఉండరు. వార్షికోత్సవాల్లో చెబుతాం, గోడల మీద రాసుకుంటాం. నేనూ చిన్నప్పటి నుంచీ చెప్పుకుంటూ వచ్చినవాణ్ణే.

కానీ ఆ అంకెకు ముందు ఒక సున్నా ఉంది. దాన్ని గోడ మీద ఎవరూ రాయరు.

1876 నుంచి 78 దాకా ధాత కరువు. మీ ముత్తాతల తాతల కాలం. వానలు లేవు, గింజ లేదు, పశువులు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. అప్పుడు ఒంగోల్లో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఉన్నారు. ఆయన ఇక్కడికి రాకముందు వాళ్ల దేశంలో సర్వేయరు పని చేసిన మనిషి, కొలతలు, తవ్వకాలు తెలిసినవాడు. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, అందులో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు ఆయన తీసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేలమంది వచ్చారు. పార పట్టుకున్నవాడికి కూలి, కూలితో గింజలు. సంఘ బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు పని చేయించేవాళ్లు, మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు, రాత్రి గుడిసెల దగ్గర సువార్త చెప్పేవాళ్లు. వింటున్నవాళ్లు ఊరికే వినలేదు. మాకు బాప్తిస్మం ఇవ్వండని అడిగారు.

క్లౌ ఇవ్వనన్నారు.

ఒక రోజు కాదు, ఒక నెల కాదు. పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. ఎందుకు? ఆకలి మీదున్న మనిషి అన్నం పెట్టే చేతిని కాదనలేడు. కూలి ఇస్తున్నదీ ఆయనే, బాప్తిస్మం ఇవ్వాల్సిందీ ఆయనే. రేపు వానలు పడ్డాక ఎవడు దేవుణ్ణి చూసి వచ్చాడు, ఎవడు గంజి కోసం వచ్చాడు అంటే తేల్చేదెవరు? ఆ మనిషికే తన మనసు తెలియకపోవచ్చు. అందుకని ఆగారు.

నేను ఇరవై ఏళ్ల వయసులో ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. వచ్చినవాళ్లకు ఇచ్చేయొచ్చు కదా, ఆత్మలు కదా అనుకున్నాను. ఇప్పుడు అరవై దాటాక అనిపిస్తోంది, ఆ 2,222 కంటే ఈ పదిహేను నెలల సున్నా నాకు ఎక్కువ నేర్పింది.

సరే, తర్వాత ఏమైంది? కరువు సాయం ఆగిపోయింది. కాలువ పని అయిపోయింది. పంచడానికి ఇంక డబ్బు లేదు. 1878 జూన్‌లో బోధకులతో మాట్లాడదామని వెల్లంపల్లికి పిలిస్తే, వాళ్ల వెంట జనం కూడా వచ్చేశారు, వందలు కాదు, వేలు. మా దగ్గర ఇంక సాయం లేదు, ఇళ్లకు వెళ్లండని చెప్పారు క్లౌ. వాళ్లు చేతులు చాపి చూపించారట. పారలు పట్టి బొబ్బలెక్కిన చేతులు. మాకు సాయం వద్దు, పని చేసుకుని బతుకుతాం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చిపోయేది క్రీస్తు మనుషులుగా చచ్చిపోవాలి, బాప్తిస్మం ఇవ్వండి అన్నారని ఆయన రాసుకున్నారు.

ఆ చేతులు ఒక్కసారి కళ్ల ముందు పెట్టుకోండి. ఇవ్వడానికి ఏమీ మిగలనప్పుడు అడిగారు వాళ్లు. అప్పుడు ఆయన కాదనలేకపోయారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారు. అలిసిపోయినవాళ్లు గట్టు మీదికి వస్తే ఇంకో ఇద్దరు దిగేవాళ్లు. పొద్దున మొదలుపెట్టి, ఎండ నెత్తిమీదికి వచ్చాక కొంచెంసేపు ఆపి, మళ్లీ సాయంత్రం దాకా. ఒక్కొక్కరినీ పేరు పెట్టి.

కాబట్టి నా మొదటి మాట ఇదీ. బాప్తిస్మం ఇంకోదానికి మెట్టు కాదు. దాంతో ఏదీ కొనుక్కోలేం. అన్నం కొనుక్కోలేం, పెళ్లి కొనుక్కోలేం, సమాధి తోటలో ఆరడుగుల చోటు కూడా కొనుక్కోకూడదు.

పెళ్లి మాట ఎందుకన్నానో కొందరికి తెలుసు. నా తప్పు ఒకటి చెబుతాను. నేను సేవలోకి వచ్చిన కొత్త. ఒక గురువారం ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. తర్వాతి బుధవారం పెళ్లి. అమ్మాయి మన సంఘస్థురాలు, అబ్బాయిది వేరే ఇల్లు. చర్చిలో పెళ్లి జరగాలంటే ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నవాళ్లై ఉండాలని మన నియమం. కార్డులు అచ్చయిపోయాయి, హాలుకు అడ్వాన్సు ఇచ్చేశారు. అమ్మాయి తండ్రి పెద్దమనిషి, మా సంఘానికి ఆసరాగా ఉన్న మనిషి. నాకు టెన్షన్. ఆ అబ్బాయిని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగాను. మూడింటికీ అవునండీ అన్నాడు. శనివారం తొట్టిలో నీళ్లు నింపించాను, ముంచాను, లేపాను, సర్టిఫికెట్ రాసిచ్చాను. అరగంటలో అయిపోయింది. పెళ్లి ఘనంగా జరిగింది. ఆ తర్వాత ఆ అబ్బాయి మందిరం గడప తొక్కలేదు.

చాలా ఏళ్ల తర్వాత బస్టాండులో కనిపించాడు. నేనే పలకరించాను. మర్యాదగానే మాట్లాడాడు. వెళ్లబోతూ అన్నాడు, "అయ్యగారూ, ఆ రోజు మీరు అడిగినవన్నీ అవునన్నాను గానీ, నిజానికి నన్ను ఎవరూ ఏమీ అడగలేదండీ." బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. అతను చెప్పింది నిజం. నేను అతన్ని అడగలేదు, పెళ్లికార్డును అడిగాను.

అప్పటి నుంచి ముహూర్తం దగ్గర పెట్టుకుని వచ్చినవాళ్లకు నేను బాప్తిస్మం ఇవ్వను. కొందరికి కోపాలు వచ్చాయి. రానివ్వండి.

మరి బాప్తిస్మంలో జరిగేదేంటి? పౌలు రోమా సంఘానికి రాస్తూ ఒకే ఒక్క మాటతో తేల్చాడు. "మనము బాప్తిస్మమువలన మరణములో పాలుపొందుటకై ఆయనతోకూడ పాతిపెట్టబడితిమి." ఆరో అధ్యాయం, నాలుగో వచనం. కడిగాడు అనలేదు, శుద్ధి చేశాడు అనలేదు. పాతిపెట్టాడు అన్నాడు. కడగడం గురించి వేరే చోట్ల ఉంది, కాదనను. కానీ ఇక్కడ వాడింది శ్మశానం మాట.

స్నానానికీ పాతిపెట్టడానికీ తేడా చూడండి. మన దేశంలో పుణ్యస్నానం అంటే అందరికీ తెలుసు. పన్నెండేళ్లకొకసారి పుష్కరాలు వస్తే గోదావరికి, కృష్ణకు లక్షలమంది వెళతారు. వాళ్ల భక్తి వాళ్లది, దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను, మీరూ మాట్లాడకండి. కానీ స్నానం మళ్లీ చెయ్యొచ్చు. మళ్లీ మాసిపోతాం, మళ్లీ మునుగుతాం. పాతిపెట్టడం మళ్లీ మళ్లీ ఉండదు. ఒక మనిషికి ఒక్కసారే. బాప్తిస్మం ఒక్కసారే తీసుకోవడం అందుకే.

ఈ మధ్య ఇజ్రాయెల్ యాత్రకు వెళ్లొచ్చినవాళ్లు యొర్దానులో మళ్లీ బాప్తిస్మం తీసుకున్నామని ఫోటోలు చూపిస్తున్నారు. యేసు దిగిన నీళ్లు కదా, ఒళ్లు పులకరిస్తుంది, ఆ సంతోషం నాకు అర్థమవుతుంది. కాళ్లు కడుక్కోండి, ప్రార్థన చేసుకోండి. కానీ మీ ఊరి చెరువులో తీసుకున్నదాని కంటే అది గొప్పదేమీ కాదు. అలాగే ఫలానా దైవజనుడి చేతి మీదుగా తీసుకున్నాం అని గొప్పగా చెప్పుకునేవాళ్లు. కొరింథులో కూడా ఇదే గొడవ పడ్డారు. పౌలు ఏమన్నాడు? క్రిస్పు, గాయి, స్తెఫను ఇంటివాళ్లు తప్ప ఇంకెవరికైనా ఇచ్చానో లేదో నాకు తెలియదు, ఎక్కువమందికి ఇవ్వనందుకు దేవునికి స్తోత్రం అన్నాడు. పౌలు పేరు మీద మీరు బాప్తిస్మం తీసుకున్నారా అని అడిగాడు.

పేరు మీద. ఈ మాట మనకు బాగా తెలుసు. పొలం ఎవరి పేరు మీదుంది, ఇల్లు ఎవరి పేరు మీదుంది అంటాం. అదే పొలం, అదే మట్టి, అదే గట్టు. నిన్నటిదాకా ఒకరి పేరు మీదుంది, రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంకొకరి పేరు మీదికి మారింది. చూడ్డానికి ఏమీ మారలేదు. కానీ రేపు అందులో ఏం వెయ్యాలో చెప్పేవాడు మారాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అని మీ మీద పలికేటప్పుడు జరిగేది అదే. మీరు ఆయన పేరు మీదికి వెళుతున్నారు. మత్తయి చివరి అధ్యాయంలో ప్రభువు శిష్యులకు అప్పగించిన పని అదే కదా. ఇంక సోమవారం నుంచి మీ ఇష్టం వచ్చిన పంట మీరు వేసుకోలేరు. యజమానిని అడగాలి.

గ్రీకులో బాప్తీజో అంటే ముంచడం. ఓడ మునిగిపోయినా ఆ మాటే వాడేవాళ్లు. దానికి అక్క లాంటి మాట ఇంకోటి ఉంది, బాప్తో. బట్టకు రంగు వెయ్యడానికి కూడా ఆ మాట వాడేవాళ్లు. మా పెద్దమ్మగారిది చీరాల. చిన్నప్పుడు సెలవులకు వెళితే నూలుకు రంగు వేసేచోట నిలబడి చూసేవాణ్ణి. తెల్లటి నూలు చిలపను రంగు నీళ్లలో ముంచి, కర్రతో తిప్పి తిప్పి పైకి తీసేవాళ్లు. రుమాళ్లకు కట్టే నూలైతే అక్కడక్కడా గట్టిగా దారంతో బిగించి కట్టేవాళ్లు. ఎందుకండీ అని అడిగితే, కట్టిన చోట రంగు ఎక్కదు బాబూ అన్నాడు ఆ పెద్దాయన. నిజమే, ఆరాక కట్టు విప్పితే లోపల తెల్లగా ముందున్నట్టే ఉండేది. తొట్టిలో మునిగింది మాత్రం మొత్తం చిలప.

వాళ్లకు ఆ తెలుపు కావాలి, ఆ తెలుపుతోనే పువ్వు వస్తుంది. కానీ ఆ పెద్దాయన మాట మాత్రం ఇన్నేళ్లుగా నన్ను వదల్లేదు. నీళ్లలోకి దిగేముందు నేను ఎక్కడ బిగించి కట్టుకున్నాను? డబ్బు దగ్గరా? అన్నదమ్ముల పొలం తగాదా దగ్గరా? ఫోన్‌లో ఎవరికీ చూపించని సంగతి దగ్గరా? మొత్తం మునిగినా అక్కడ మాత్రం ఎక్కదు.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉండేది. ఇప్పుడు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. డెబ్బై దాటాక బాప్తిస్మం అడిగింది. మోకాళ్లు వంగవు, నడిస్తే ఆయాసం. పిల్లలు భయపడ్డారు. నేను కూడా, అమ్మా, తల మీద నీళ్లు పోసి ఇస్తాను, దేవుడు కాదనడు అన్నాను. "పాతిపెట్టేవాళ్లు తలకాయ ఒక్కదాన్నే పాతిపెడతారా అయ్యా?" అంది. ఇంక నేను మాట్లాడలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కుర్రాళ్లు కాలువలోకి దించారు.

దిగేముందు గట్టు మీద ఆగింది. ఆవిడ బొడ్లో ఎప్పుడూ తాళాల గుత్తి ఉండేది. బీరువావి, ధాన్యం గదివి, ట్రంకుపెట్టెవి. ఆ ఇంట్లో కోడలు పావలా తియ్యాలన్నా ఆవిడ్ని అడగాల్సిందే, ఊరందరికీ తెలుసు. ఆ గుత్తి తీసి కోడలి చేతిలో పెట్టింది, నీళ్లలో పడిపోతాయని. మేమందరం అలాగే అనుకున్నాం. బాప్తిస్మం అయింది, పైకి తెచ్చాం, దుప్పటి కప్పారు. ఒళ్లంతా వణుకుతోంది. కోడలు తాళాలు చాచి ఇచ్చింది. ఆవిడ వాటిని చూసి, "నీ దగ్గరే ఉండనీ" అంది. అంతే. సాక్ష్యం చెప్పమంటే ఏమీ చెప్పలేదు. ఆ కోడలు ఇవాళ ఇక్కడే ఉంది, చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది, చాల్లే అమ్మా, ఇంక చెప్పనులే.

యేసు ప్రభువుకు బాప్తిస్మం ఎందుకు అని తరగతిలో ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. యోహాను ఇచ్చేది మారుమనస్సు బాప్తిస్మం. పాపాలు ఒప్పుకునేవాళ్ల వరుస అది. పన్నులవాళ్లు, సైనికులు, ఊళ్లో పేరు చెడినవాళ్లు, అందరూ ఒకే గట్టు మీద నిలబడి ఉన్నారు. పాపం లేనివాడు వచ్చి ఆ వరుసలో నిలబడ్డాడు. యోహానుకు చేతులాడలేదు, నేను నీ దగ్గర తీసుకోవాలి గదా అన్నాడు. "ఇప్పటికి కానిమ్ము" అన్నాడు ప్రభువు. నాకు అర్థమైనంతలో, ఆయన తన మురికి కడుక్కోవడానికి దిగలేదు. మనం నిలబడ్డ వరుసలో మనతో నిలబడటానికి దిగాడు. ఆ వరుస చివర సిలువ ఉందని ఆయనకు తెలుసు. నీళ్లలో నుంచి లేవగానే ఆకాశం తెరుచుకుంది. "ఈయనే నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేనానందించుచున్నాను" అన్న స్వరం వచ్చింది. అప్పటికి ఆయన ఒక్క అద్భుతం కూడా చెయ్యలేదు, ఒక్క ప్రసంగం కూడా చెయ్యలేదు. పిల్లలూ, ఇది మీకు. పరీక్షల్లో మార్కులు వస్తేనే ఇంట్లో మంచి మాట వినపడుతుందని అనుకునే పిల్లలు చాలామందిని చూస్తున్నాను. తండ్రి ఆ మాట పని మొదలుకాకముందే అన్నాడు.

ఆ వరుస మాట వచ్చింది కాబట్టి మళ్లీ ఒంగోలుకి వస్తాను. క్లౌ ఒంగోల్లో కాపురం పెట్టిన కొత్తలో సంగతి. పెద్ద కులాలవాళ్లు కొందరు ఆసక్తి చూపించారు, పిల్లల్ని బడికి పంపారు. ఇంకో పక్క తాళ్లకొండపాడు నుంచి యెర్రగుంట్ల పేరయ్యగారు. మాదిగ కులంలో పుట్టిన మనిషి, తోళ్ల వ్యాపారం. ఆయనా, ఆయన భార్య నాగమ్మా 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. తాము తీసుకుని ఊరుకోలేదు, చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి తమవాళ్లకు చెప్పారు. జనం రావడం మొదలుపెట్టారు. అప్పుడు పెద్దకులాలవాళ్లు క్లౌ దగ్గరికి వచ్చి, వాళ్లను చేర్చుకుంటే మేం రాము అన్నారు. చదువుకున్నవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు. లెక్క వేసుకుంటే వాళ్లే లాభం. క్లౌ గదిలోకి వెళ్లి ప్రార్థన చేసుకుని కొత్త నిబంధన తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం వచ్చింది. "గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు." ఇంకో గదిలో ఆయన భార్య విడిగా తెరిచి చదివిందీ అదే చోటు. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నప్పుడు ఆ సంగతి తెలిసింది. ఇంక తర్జనభర్జన లేదు. అందరికీ ఒకే నీళ్లు.

ఊరి బావి దగ్గర కడవ ముంచనివ్వని రోజులవి. తోడి పోసేదాకా ఎండలో కాచుకుని ఉండాలి, ఆ పోసేది కూడా పైనుంచి పోసేవాళ్లు. అలాంటి మనిషిని పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుని, నడుం లోతు నీళ్లలో నిలబెట్టి, మెడ కింద చెయ్యి వేసి ముంచి లేపారు. "క్రీస్తులోనికి బాప్తిస్మముపొందిన మీరందరు క్రీస్తును ధరించుకొనియున్నారు" అని గలతీయులకు రాసిన మాట వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఒంటి మీద తెలిసింది.

ఇంత చెప్పుకుని మన సంఘాల్లో ఇప్పటికీ కులం చూసి కూర్చోవడం, కులం చూసి పాస్టరును పిలుచుకోవడం ఉందంటే, ఆ నీళ్లకు మనం ఎంత బాకీ ఉన్నామో ఆలోచించండి. మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి సంఘం అని బోర్డు మీద రాయకపోయినా ఎవరిదేదో అందరికీ తెలుసు. నాకిది సిగ్గుగా ఉంది. ఎన్నిసార్లు చెప్పినా సిగ్గు తగ్గలేదు.

ఒక కష్టమైన సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారికి వెనుకబడిన తరగతుల కింద బీసీ-సి వస్తుంది. పేరయ్యగారి మునిమనవడు చర్చికి వెళితే అంటరానితనం పోయిందని ఊళ్లో ఎవరూ అనరు, కాగితం మీద మాత్రం పోయినట్టే. ఇది అన్యాయమని నేను నమ్ముతాను, అడగాల్సిన చోట అడుగుతూనే ఉండాలి. కానీ దీనివల్ల కొందరు, అయ్యగారూ, రాత్రిపూట ఇవ్వండి, రిజిస్టరులో రాయకండి అంటున్నారు. పిల్లల చదువు గురించి ఆ తల్లిదండ్రుల బెంగ నాకు తెలుసు, వాళ్లను చులకన చెయ్యను. అయినా దాచిపెట్టి ఇవ్వడం నా వల్ల కాదు. పదిమందిలో ఒప్పుకోవడం బాప్తిస్మంలో భాగం. ఖరీదు ఎంతో ముందే తెలుసుకుని, ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని రండి. ఆరు నెలలు ఆలోచిస్తానంటే నేను ఆగుతాను. క్లౌ పదిహేను నెలలు ఆగారు.

ఇక ముంచుడా, చిలకరింపా అన్న వాదం. దీని మీద ఎక్కువసేపు ఉండను. మనం బాప్తిస్టులం, విశ్వసించి అడిగినవాళ్లను ముంచి ఇస్తాం, పాతిపెట్టడమనే మాటకు అదే సరిపోతుందని నా నమ్మకం కూడా. గుంటూరు వైపు లూథరన్లు, సీఎస్‌ఐవాళ్లు పసిపిల్లలకు ఇచ్చి, పెద్దయ్యాక వాళ్ల నోటితోనే విశ్వాసం ఒప్పించి నిర్ధారణ (కన్ఫర్మేషన్) చేస్తారు. పిల్ల అడగకముందే దేవుడే ముందు చెయ్యి చాచాడని వాళ్లు చెబుతారు. ఆ మాటలో బలం లేదని నేననను. తొలి సంఘాల కాలం నాటి డిడాకే అనే చిన్న ఉపదేశ గ్రంథం ఉంది. అందులో ఏం రాశారంటే, పారే నీళ్లలో ఇవ్వండి, అవి లేకపోతే వేరే నీళ్లలో, చల్లటివి వీలుకాకపోతే వేడివాటిలో, రెండూ చాలినన్ని లేకపోతే తల మీద మూడుసార్లు పొయ్యండి. నీళ్ల కొలత గురించి ఇంత ఉదారంగా ఉన్నవాళ్లు ఇంకోదాని గురించి గట్టిగా ఉన్నారు. తీసుకునేవాడు ముందు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండాలన్నారు. ఇచ్చేవాడు కూడా ఉండాలన్నారు. నీళ్ల కంటే మనిషి సిద్ధపాటు మీద వాళ్ల చూపు ఉంది. శుక్ర, శనివారాలు నేను ఉపవాసం ఉంటాను. ఆరోగ్యం సహకరించేవాళ్లు నాతో కలవండి. షుగరు ఉన్నవాళ్లు, మందులు వేసుకునేవాళ్లు వద్దు, ప్రార్థన చేసుకుంటే చాలు.

బాప్తిస్మం లేకపోతే రక్షణ లేదా అని వెనక నుంచి ఎవరో చీటీ పంపారు. సిలువ మీద దొంగ ఏ నీళ్లలో మునిగాడు? "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు. రక్షించేది ఆయన, నీళ్లు కాదు. అయితే ఆ దొంగకు దిగడానికి కాళ్లు లేవు, మేకులున్నాయి. మనకు కాళ్లున్నాయి కదా. కూషు దేశపు నపుంసకుడు రథంలో పోతూ నీళ్లు కనబడగానే ఏమన్నాడు? "ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి" అన్నాడు. నమ్మినవాడికి అది బరువైన ఆజ్ఞలా అనిపించలేదు, దాహమేసినవాడికి చెరువు కనబడ్డట్టు అనిపించింది.

సరే, ఆదివారం సంగతులు. పొద్దున్నే ఐదున్నరకల్లా మందిరం దగ్గర ఉండండి, ఏటికి కలిసి వెళదాం. తెల్లబట్టలు కొత్తవే కావాలని లేదు, ఉతికినవి చాలు, ఎవరూ అప్పు చెయ్యొద్దు. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు తేలకుండా కింద పిన్నులు పెట్టుకోండి. తువాలు, పొడిబట్టలు మర్చిపోవద్దు. నీళ్లలో మీకు ఇటూ అటూ ఇద్దరం ఉంటాం. నా చెయ్యి మీ మెడ కింద ఉంటుంది, రుమాలుతో ముక్కు నేనే పట్టుకుంటాను, మీరు మోకాళ్లు కొంచెం వంచి వెనక్కి వాలండి. చాలామంది ఆ ఒక్క క్షణంలో ఒళ్లు బిగపడతారు. భయం సహజం. నా పదిహేడో ఏట నేనూ బిగుసుకుపోయాను, మా అయ్యగారు చెవిలో "వదిలెయ్యి నాయనా" అన్నారు. వదిలేశాక నీళ్ల కింద ఏ శబ్దమూ వినపడలేదు. గట్టు మీద అంతమంది పాడుతున్నారు, ఒక్క ముక్క వినపడలేదు. లేచాకే వినపడింది.

శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడింటిదాకా నేను మందిరం పక్క గదిలో ఒక్కణ్ణే ఉంటాను. పదిహేడు మందీ విడివిడిగా వచ్చి కలవాలి, పిల్లలైనా సరే, అమ్మానాన్నలు బయట కూర్చుంటారు. ఈసారి అసలు ప్రశ్న అడుగుతాను. ఇంకా మనసు కుదరలేదు, కొన్నాళ్లు ఆగుతాను అని ఎవరైనా చెబితే నా దగ్గర వాళ్లకు ఏ లోటూ ఉండదు. ఎందుకు ఆగారని ఇంట్లోవాళ్లు, సంఘపెద్దలు ఎవరూ అడగకూడదు. అది ఇప్పుడే అందరి ముందూ చెబుతున్నాను. ఆ పేరు పక్కన నేను ఖాళీ ఉంచుతాను, రిజిస్టరు మూసెయ్యను.

ప్రార్థన చేసుకుందాం. లేవగలిగినవాళ్లు లేచి నిలబడండి.